టైర్ల దాకానే

ఆటోనగర్లో అమ్మకానికున్న ప్రతి బండీ
ఒక డాక్టరుగారిదే.
ఒక్క చెయ్యే తిరిగింది, వానలో బయటికి తియ్యలేదు,
ఆదివారం ఆదివారం మంగళగిరి దాకా, అంతే.
బ్రోకరు వెంకటరత్నం చెబుతుంటే
ఊళ్ళో ఇంతమంది డాక్టర్లుండి
మన జ్వరాలెందుకు తగ్గవో అనుకున్నా.

నాకు కావలసింది చిన్న బండే,
కాకపోతే కాస్త ఎత్తుది.
కారూ కాదు, జీపూ కాదు,
కారే పంచె ఎగ్గట్టి నిలబడ్డట్టు ఉంటాయే, అలాంటిది.
ఎత్తెందుకని సింగ్‌నగర్లో ఎవరూ అడగరు.
బుడమేరు వచ్చిన రాత్రి నుంచి
మా వీధిలో అందరం
దేన్నయినా నేల మీంచి జానల్లో కొలుస్తాం.

"పొద్దున్నే వెళ్దాం," అన్నాడు మెకానిక్ కాలేషా.
"ఇంజను నిద్ర లేవకముందే చూడాలమ్మా.
వేడెక్కాక ప్రతి బండీ మర్యాదస్తురాలే."
ఆరున్నరకి వెళ్ళేసరికే
వెంకటరత్నం బానెట్టు తుడుస్తున్నాడు.
కాలేషా దాని మీద అరచెయ్యి ఆనించి
నా వైపు చూశాడు.
వెచ్చగా ఉందన్నమాట.

నలభై రెండు వేలే తిరిగానంటుంది మీటరు.
బ్రేకు పెడలు రబ్బరు మాత్రం
పాలమ్మే మనిషి చెప్పులా అరిగి
ఇంకో లెక్క చెబుతోంది.
టైర్లలో మూడు ఒక కాన్పువి,
నాలుగోది ఎక్కణ్ణుంచో వచ్చిన పెంపుడు బిడ్డ.
ఆయిలు మూత తిప్పి వాసన చూశాడు
పులుసులో ఉప్పు చూసినట్టు.
తలుపు బోల్టుల మీద పెయింటు గీరుకుపోయింది.
"ఇది ఒకసారి పుట్టింటికెళ్ళొచ్చిన తలుపమ్మా."

ఇవన్నీ బేరంలో సర్దుకునేవే.
అడిగింది ఆరు లక్షల ఇరవై,
ఐదు డెబ్బై ఐదుకి దిగుతాడని
కాలేషా కంటితోనే చెప్పాడు.
తాళం తీసుకుని నడిపా.
బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లైఓవరు ఎక్కుతుంటే
మూడో గేరులో ఒక్క మూలుగు లేదు.
పక్క కార్ల నెత్తులు కనిపించాయి,
ఆటోల టాపుల మీద ఎండిన ఆకులు కూడా.
ఎంత బాగుందో ఆ ఎత్తు.

తిరిగొచ్చి దిగబోతుంటే
కాలేషా వెనక సీటు బెల్టు పట్టుకుని లాగాడు.
ఎవరూ లాగనంత లాగాడు.
వాడుకునే మూరలు దాటి,
ఎప్పుడూ వెలుగు చూడని చివరి జానెడు దాకా.
అక్కడుంది గీత.
లేత మట్టి రంగు, అంచున కాస్త ముదురు,
టీ గ్లాసు ఎత్తేశాక బల్ల మీద మిగిలేది.

ఆ రంగు నాకు ఎవరూ చూపించక్కర్లేదు.
మా కింది వాటా హాల్లో, ఫ్రిజ్ హ్యాండిలు ఎత్తున,
గోడలు నాలుగింటికీ మొలతాడు కట్టినట్టు ఉండేది.
పుట్టీ రెండు కోట్లు, ప్రైమరు ఒకటి,
పైన లేత గంధం.

"టైర్ల దాకానే వచ్చాయండీ నీళ్ళు."
వెంకటరత్నం గొంతు తగ్గింది.
"లోపలికి చుక్క రాలేదు."

తిట్టాలి. నోటి దాకా వచ్చింది.
ఆ తిట్టు కోసమే కాలేషా కూడా
బెల్టు వదలకుండా నిలబడ్డాడు.

మాఘంలో ఆ వాటా చూడ్డానికి ఒక జంట వచ్చింది.
ఆ పిల్ల పేరు లీలాప్రసన్న, ఐదో నెల.
గోడ మీద వేళ్ళు ఆనించి అడిగింది,
"ఇక్కడి దాకా వచ్చాయా ఆంటీ?"
"మెట్ల దాకానేనమ్మా," అన్నా.
అడ్వాన్సు అరవై వేలు రెండుసార్లు లెక్కపెట్టుకున్నా.
ఇవాళ సంచిలో తెచ్చిన డబ్బులో
అవీ ఉన్నాయి, అదే రబ్బరు బ్యాండుతో.

కాలేషా బెల్టు వదిలాడు.
మంచి బండిలో అయితే టప్పున లోపలికి పోతుందట.
ఇది సగం దాకా వెళ్ళి, ఆగి,
ఏదో గుర్తొచ్చినట్టు
ఇంకొంచెం వెళ్ళింది.

"ఇంతకీ ఎవరిదయ్యా ఈ బండి?" అన్నా.
నా గొంతులో ఏం వినిపించిందో,
వెంకటరత్నం బానెట్టు మీది గుడ్డ తీసి
నాలుగు మడతలు పెట్టాడు.
"డాక్టరుగారిది కాదులెండి," అన్నాడు.